పంట దిగుబడి లెక్క రాస్తున్నాం, నీళ్ళలో పోయిన ప్రాణాల లెక్క ఎవరు రాస్తారు?



ఈసారి జీవామృతం గురించి కాదు, దేశీ వరి గురించి కాదు. నీళ్ళ గురించి. నీళ్ళు ఎట్లా నిలపాలో మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. కందకాలు, ఇంకుడు గుంతలు, ఫాంపాండ్లు అన్నీ అయిపోయినయి. నిలిపిన నీళ్ళ దగ్గర మనుషుల ప్రాణం ఎట్లా నిలపాలన్నది మాత్రం మన మీటింగుల్లో రాదు, మన వీడియోల్లో రాదు.

నీట మునిగి చనిపోవడాన్ని ఎట్లా ఆపాలన్న దాని మీద ప్రపంచ స్థాయి సదస్సు ఒకటి జరుగుతుంటది. మొదటిది 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. 2023 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగింది. డాక్టర్లు, పరిశోధకులు, ఈత నేర్పేవాళ్ళు, ప్రభుత్వ అధికారులు కూర్చుని ఏ దేశంలో ఏం చేస్తే ప్రాణాలు దక్కినయో చెప్పుకుంటారు. అట్లాంటి చోట మాట్లాడాలంటే ముందుగా ఒక అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. అంటే ఏం సమస్య చూశాం, ఎట్లా లెక్క తీశాం, ఏం తేలింది, ఏం చేయాలి అన్నది మామూలుగా రెండు మూడు వందల మాటల్లో చెప్పే సంగ్రహ పత్రం.

నా అభిప్రాయం ఒక్కటే. ఇట్లాంటి సదస్సుకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి ఒక అబ్‌స్ట్రాక్ట్ పోవాలి. దాన్ని రైతులే రాయాలి. పొలంలో నీళ్ళు నిలుపుకోవడమే గొప్పగా చెప్పుకునే మన ప్రకృతి రైతులు ముందు రాయాలి.

నీళ్ళు తిరిగొచ్చినయి, ఈత తిరిగి రాలేదు

యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటది. బాయికాడ మోట నడిచిన రోజుల్లో, ఆ తర్వాత కరెంటు మోటర్లు వచ్చిన కొత్తల్లో, ఊర్లె మగపిల్లలు చాలామంది బాయిలనే ఈత నేర్చుకున్నరు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, ఖాళీ డబ్బానో కట్టి, తాడు చేతుల పట్టుకుని నాయినో, బాబాయో ఒడ్డు మీద నిలబడేవాడు. ఎండకాలం ఒక్కటి గడిచేసరికి పిల్లగాడు బుర్ర విప్పి ఈదేవాడు. ఆడపిల్లలకు ఆ అవకాశం అప్పుడూ అంతగా లేదు.

తర్వాత బాయిలు ఎండినయి. బోర్లు వచ్చినయి. చెరువుల్లో తుమ్మచెట్లు మొలిచినయి. ఒక తరం మొత్తం నీళ్ళు చూడకుండనే పెరిగింది. నేర్పాల్సిన తండ్రులు గల్ఫ్‌కు పోయినరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊర్లలో దుబాయికో, సౌదీకో, మస్కట్‌కో మనిషి పోని వాడ దొరకడం కష్టం. అమ్మ పొలానికి పోతది, లేకుంటే బీడీలు చుడుతది. పసిపిల్లలు అవ్వ దగ్గర ఉంటరు.

ఆ తర్వాత నీళ్ళు మళ్ళీ వచ్చినయి. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసిన్రు. మానేరు మీద, ఊరి వాగుల మీద చెక్‌డ్యామ్‌లు లేచినయి. మన్వాడ దగ్గర మధ్య మానేరు నిండింది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే కాకతీయ కాలువ ఉండనే ఉంది, దానికి వరద కాలువ తోడయింది. భూగర్భ జలం పైకొచ్చి ఎండిన బాయిలు కూడా మళ్ళీ నిండినయి. రైతుగా ఇంతకన్నా సంతోషం ఏముంటది?

కానీ నీళ్ళు వచ్చినంత వేగంగా ఈత రాలేదు. కాపలా రాలేదు. కంచె రాలేదు. మోకాలి లోతు ఉండే వాగు చెక్‌డ్యామ్ వెనక ఎంత లోతయిందో, ఇసుక తీసిన గుంత ఎక్కడుందో పైనుంచి చూస్తే పిల్లలకు తెలవదు. 2021 నవంబరులో సిరిసిల్ల దగ్గర మానేరు చెక్‌డ్యామ్‌లో ఈతకు దిగిన బడిపిల్లల్లో కొందరు తిరిగి ఇంటికి రాలేదు. ఆ వార్త చదివి రాష్ట్రమంతా బాధపడ్డది. తర్వాత మన ఊర్లలో ఏం మారిందో ఎవరికి వాళ్ళం అడుక్కోవాలి.

రెండు మాటలు కేసును మూసేస్తున్నయి

ఇట్లాంటి మరణం జరిగినప్పుడు పేపర్ల రెండు మాటలు కనబడతయి. ఒకటి “ప్రాణం తీసిన ఈత సరదా”. రెండోది “ప్రమాదవశాత్తు నీటిలో పడి”. మొదటి మాట తప్పు పిల్లవాడి మీద వేస్తది. రెండోది తప్పు ఎవరి మీదా వేయకుండా పక్కకు తప్పుకుంటది. రెండింటిలో ఏది రాసినా అక్కడితో కథ అయిపోతది.

అబ్‌స్ట్రాక్ట్ ఈ రెండు మాటలనూ ఒప్పుకోదు. ఎంత వయసు? ఏ టైంకు? ఏ నీళ్ళు? ఒడ్డు నుంచి ఇల్లు ఎంత దూరం? కంచె ఉన్నదా? పక్కన ఎవరున్నరు? తాడో, కట్టెనో దగ్గర ఉన్నదా? బయటికి తీసినంక ఏం చేసిన్రు? ఇవే అడుగుతది. మనం వరికి అగ్గితెగులు వస్తే అడిగే ప్రశ్నలు కూడా ఇట్లాంటివే కదా. ఏ రకం, ఎన్ని రోజుల పైరు, మబ్బు ఎన్ని రోజులు పట్టింది, నత్రజని ఎంత పోయింది అని అడుగుతం. “దేవుని దయ” అని ఊకోం. పైరుకు ఇచ్చిన గౌరవం పిల్లలకు కూడా ఇద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయిన్రు. అందులో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్ళలోపు పిల్లలు. పదింట తొమ్మిది మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనే. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లోనే ఏటా 30 వేలకు పైగా నమోదవుతున్నయి. అయితే ఆ పట్టికలు చూస్తే నీళ్ళలో పడటం, పడవ మునగడం, ఇతరం అని గంపగుత్తగా ఉంటది. వ్యవసాయ బాయిలో ఎందరు, ఫాంపాండ్‌లో ఎందరు, కాలువలో ఎందరు అన్నది దాంట్ల దొరకదు. ఆ లెక్క కింది నుంచే రావాలి. ఊరి నుంచే రావాలి.

మన పొలంలోనే ఎన్ని నీళ్ళున్నయి?

ఇది కొంచెం చేదుగా ఉంటది, అయినా చెప్పాలి. రసాయన సేద్యం చేసే పక్క రైతు కంటే మన దగ్గర తెరిచి ఉన్న నీళ్ళు ఎక్కువ. ఒకసారి లెక్క పెట్టుకోండి.

200 లీటర్ల జీవామృతం డ్రమ్ము. మనిషికి నడుం దాక వస్తది. దాని పక్కన ఇటుకో, స్టూలో ఉంటే మూడేండ్ల పిల్లగాడు ఎక్కి తొంగి చూస్తడు. తల బరువుకు ముందుకు పడితే కాళ్ళు పైకి లేస్తయి, బయటికి రాలేడు, అరవలేడు కూడా. గోమూత్రం నింపిన బకెట్ కూడా అంతే. అజొల్లా మడి జానెడు లోతే అంటం. ఏడాది బిడ్డకు ముక్కు, నోరు మునిగేంత నీళ్ళు చాలు. పైగా అజొల్లా పచ్చగా పరుచుకుని ఉంటే అది నీళ్ళని పసివాళ్ళకు తెలవదు, గడ్డి అనుకుని అడుగేస్తరు.

ఇక ఫాంపాండ్. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు తవ్వించి, నీళ్ళు ఇంకకుండ ప్లాస్టిక్ షీట్ పరిస్తే ఆ ఏటవాలు గోడ నాచు పట్టి సబ్బులెక్క జారుతది. దాంట్ల పడితే ఈత వచ్చిన పెద్దమనిషి కూడా పైకి ఎక్కలేడు. ఒకరు పడితే తీయడానికి ఇంకొకరు దిగి, ఇద్దరూ పోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. ఇది ఈత రాకపోవడం వల్ల వచ్చే చావు కాదు, పట్టుకోవడానికి ఏమీ లేక వచ్చే చావు.

పాత వ్యవసాయ బాయి సంగతి అందరికీ తెలుసు. గోడ కూలి నేలమట్టం అయి ఉంటది. చుట్టూ లొట్టపీసు, వయ్యారిభామ పెరిగి అంచు కనబడదు. రాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చిందని మోటర్ పెట్టబోయేది రైతే. పిల్లలే కాదు, మనమూ ఈ లెక్కలో ఉన్నం.

అబ్‌స్ట్రాక్ట్ ఎట్లా ఉండాలి?

భయపడాల్సింది ఏమీ లేదు. నమూనా కింద పెడుతున్నా. ఖాళీలు కావాలనే వదిలినా. ఆ ఖాళీలే అసలు పని.

శీర్షిక: జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల ___ గ్రామాల్లో వ్యవసాయ నీటి వనరుల దగ్గర నీట మునక మరణాలు – రైతులు స్వయంగా తీసిన లెక్క.

నేపథ్యం: ఈ ప్రాంతంలో చెరువులు, చెక్‌డ్యామ్‌లు, ఫాంపాండ్లు పెరిగినయి. వాటి దగ్గర జరిగే మరణాలకు గ్రామ స్థాయి లెక్క లేదు.

పద్ధతి: ___ మంది రైతులు తమ ఊర్లలోని ప్రతి బాయి, ఫాంపాండ్, డ్రమ్ము, కాలువ ఒడ్డును నడిచి చూసిన్రు. గత 5 ఏళ్ళ మరణాలను పంచాయతీ రికార్డు, ఆశా కార్యకర్త, కుటుంబాల ద్వారా నమోదు చేసిన్రు.

ఫలితం: మొత్తం మరణాలు ___. వీరిలో 5 ఏళ్ళలోపు ___, బడి వయసు పిల్లలు ___, పెద్దలు ___. బాయిలో ___, ఫాంపాండ్‌లో ___, చెరువు, వాగులో ___, కాలువలో ___. మొత్తం ఫాంపాండ్లు ___, వాటిలో కంచె ఉన్నవి ___, బయటికి రావడానికి తాడు ఉన్నవి ___.

ముగింపు: ఫలితం ఏం చెప్తే అది.

నేపథ్యం, పద్ధతి ఈ వారంలోనే రాయొచ్చు. ఫలితం రాయడానికి మాత్రం ఒక సీజన్ తిరగాలి. ముగింపును ముందే రాసిపెట్టుకోవద్దు. “ఈత నేర్పాలి” అని ముందే అనుకుని పోతే, పోయినవాళ్ళలో ఎక్కువమంది రెండేండ్ల పిల్లలని తేలితే ఏం చేస్తం? రెండేండ్ల బిడ్డకు ఈత పనికిరాదు, కంచె, కాపలా పనికొస్తయి.

ఒక్క ఊరి లెక్కతో ఏమీ తేలదు. ఒక ఊర్లె ఐదేండ్లలో ఒక్కటీ జరగకపోవచ్చు, పక్క ఊర్లె రెండు జరగొచ్చు. అందుకే మూడు ప్రాంతాలు కలిసి తీయాలంటున్నా. కోరుట్ల వైపు కాలువలు, జగిత్యాల వైపు బాయిలు, చెరువులు, సిరిసిల్ల వైపు మానేరు, చెక్‌డ్యామ్‌లు. ఇరవై ముప్పై ఊర్లు కలిస్తే ఎక్కడ ఏ నీళ్ళు ఎవరిని తీస్తున్నయో కొంతైనా కనబడతది.

లెక్క ఎక్కడ దొరుకుతది?

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలని చట్టం, కాబట్టి పంచాయతీ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టండి. అనుమానాస్పద, ప్రమాద మరణాలకు పోలీసులు శవ పంచనామా చేస్తరు. పాత చట్టంలో అది 174 సెక్షన్, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో 194. స్టేషన్లో పేర్లు లేకుండా సంఖ్యలు అడగొచ్చు, సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. అందరికన్నా ఎక్కువ తెలిసింది మాత్రం ఆశా అక్కకు, అంగన్‌వాడీ టీచర్‌కు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, బాయిలో పోయిన ప్రతి మరణం జారిపడ్డది కాదు. అప్పు బాధకో, ఇంటి గొడవకో దూకినవి కూడా ఉంటయి. వాటిని ఇందులో కలపొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. “తెలియదు” అని ఒక గడి పెట్టుకోండి. రెండు, పిల్లను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి కాగితం, సెల్‌ఫోన్ పట్టుకుని పోవద్దు. తెలిసిన ఆడమనిషిని తోలుకుని పోండి, ఒప్పుకుంటేనే మాట్లాడండి. పేరు రాయొద్దు, ఫొటో తీయొద్దు. వయసు, టైం, చోటు, కంచె. మనకు అంతకుమించి అక్కరలేదు.

పడి బతికినవాళ్ళను కూడా రాయండి. ఏది కాపాడింది? తాడా, చీరా, పక్క పొలం కాకనా? చావు లెక్క భయపెడుతది, బతుకు లెక్క దారి చూపిస్తది.

“ఇదంతా మనకెందుకు” అనేవాళ్ళకు

మొదటి మాట: ఇది ప్రభుత్వం పని. నిజమే. 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ నీట మునక నివారణకు ఒక వ్యూహ పత్రం కూడా విడుదల చేసింది. చెక్‌డ్యామ్, కాలువ, ఇసుక గుంతల దగ్గర రక్షణ బాధ్యత ప్రభుత్వానిదే, అడగాల్సిందే. కానీ చేతిల లెక్క లేకుండా పోతే “చూస్తం” అంటరు. “ఈ కాలువ మీద ఈ రెండు కిలోమీటర్లలో ఇన్ని మరణాలు, మెట్లు ఒక్కచోటే ఉన్నయి” అని కాగితం పెడితే అంత సులువుగా పంపించలేరు. ఇక మన ఫాంపాండ్ మన బాధ్యత, దానికి ఏ కలెక్టరూ రానక్కరలేదు.

రెండో మాట: బీమా ఉంది కదా. 2018లో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారుకు, ఏ కారణంతో పోయినా 5 లక్షలు ఇచ్చేందుకు పెట్టింది. మంచిదే. కానీ పట్టా లేని కౌలు రైతు, కూలి, అరవై దాటిన పెద్దాయన, బడి పిల్లవాడు దాంట్ల లేరు. ఉన్నవాళ్ళకు కూడా డబ్బు వస్తది, మనిషి రాడు.

మూడో మాట: విదేశీ సదస్సులతో ఊరికి ఏం ఒరుగుతది? బంగ్లాదేశ్ చూడండి. అక్కడి ఊర్లు మనకన్నా ఎక్కువ నీళ్ళ నడుమ ఉంటయి, ఇంటింటికి కుంట ఉంటది. అక్కడ ఇంటింటికి తిరిగి లెక్క తీస్తే, పసిపిల్లల చావులు ఎక్కువగా పొద్దున 9 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య, ఇంటికి అతి దగ్గరి కుంటలోనే, అమ్మ పనిలో ఉన్నప్పుడే జరుగుతున్నయని తేలింది. అందుకని ఊర్లె ఒక అక్క ఇంట్లో ఆ నాలుగు గంటలు పిల్లలను చూసే ఏర్పాటు చేసిన్రు. దాన్ని ‘ఆంచల్’ అంటరు. అట్లా చూసిన పిల్లల్లో నీట మునక మరణాలు చాలా తగ్గినయి. ఆ లెక్క పట్టుకునే బంగ్లాదేశ్, ఐర్లాండ్ కలిసి ఐక్యరాజ్య సమితి ముందుకు పోయినయి. 2021 ఏప్రిల్‌లో తీర్మానం అయింది, జూలై 25ను నీట మునక నివారణ దినంగా ప్రకటించిన్రు. పేద ఊర్ల లెక్క ప్రపంచాన్ని కదిలించింది.

మన దగ్గర అంగన్‌వాడీలో బడి మూడేండ్లు నిండినంకనే. నడక వచ్చిన ఏడాది నుంచి మూడేండ్ల దాకా బిడ్డకు నాట్ల టైంలో చోటెక్కడ? ఉపాధి హామీ 2005 చట్టంలోనే, పనికాడ ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని రాసి ఉండె. అదే పద్ధతి మన నాట్లకు, పసుపు తవ్వకానికి ఎందుకు పెట్టుకోవద్దు? పదిమంది నాటు కూలీల్లో ఒక అక్కకు అదే కూలి ఇచ్చి గట్టు మీది చెట్టు కింద పిల్లల దగ్గర ఉంచితే ఎకరానికి ఖర్చు ఎంత పెరుగుతది? లెక్క వేసుకోండి.

లెక్క తేలేలోపు చేయాల్సినవి

డ్రమ్ముకు మూత. జీవామృతానికి గాలి తగలాలి కదా అంటరు. గోనెపట్టా కట్టి దాని మీద వెదురు తడికో, ఇనుప జాలీనో బిగించి కట్టండి. గాలి ఆడుతది, పిల్ల పడదు. పక్కన స్టూలు, ఇటుకలు ఉంచొద్దు. ఖాళీ బకెట్లు బోర్లించండి.

అజొల్లా మడి మీద జాలీ. కోళ్ళు పాడుచేయకుండ ఎట్లాగూ వేస్తం, దాన్ని బరువు పెట్టి బిగించండి.

ఫాంపాండ్‌కు నాలుగు వైపులా గట్టి మేకులు దిగ్గొట్టి, ముళ్ళు వేసిన లావు తాళ్ళు నీళ్ళలోకి వేలాడదీయండి. పాత టైర్లు తాడుకు కట్టి నిచ్చెన లెక్క దింపినా సరే. గట్టు మీద ఖాళీ 20 లీటర్ల డబ్బాకు తాడు కట్టి ఎప్పుడూ ఉంచండి. ఒక పొడుగు వెదురు కట్టె కూడా.

కంచె విషయంలో మనకన్నా తెలిసినవాళ్ళు ఎవరు? గ్లైరిసిడియా కొమ్మలు అడుగుకొకటి పాతితే రొట్ట వస్తది, కంచె అయితది. గోరింట, కిత్తనార, గచ్చకాయ ఏదైనా పెట్టండి. అది దట్టం అయ్యేదాక ముళ్ళకంపనో, జాలీనో ఉండాలి. అడవి పందులకు పాత చీరలు కట్టినట్టు ఇక్కడ చీర ఒక్కటే కట్టి ఊకోవద్దు. చీర పందిని బెదిరిస్తది, పిల్లను ఆపదు. తలుపుకు గడియ పైన పెట్టండి.

ఎవరైనా పడితే దూకకండి. ముందు కేక వేయండి. తాడు, చీర, కండువా, డ్రిప్ పైపు, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీసినంక తలకిందులు చేయడం, కడుపు మీద నొక్కి నీళ్ళు కక్కించడం, గిరగిర తిప్పడం వద్దు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయించి, శ్వాస లేకుంటే ముందు నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, అట్లనే ఆపకుండ. ఇది చదివితే రాదు. ఆరోగ్య కేంద్రం వాళ్ళను పిలిచి బొమ్మ మీద చేయి పెట్టి నేర్చుకోవాలి. కషాయాల శిక్షణ పెట్టినప్పుడు దీనికో గంట ఇవ్వండి.

వీడియోలు తీసే అన్నలకు

చివరిగా ఒక మాట. ఫాంపాండ్ వీడియోకు లక్షల మంది చూసేవాళ్ళున్నరు. నీలంగా నిండిన నీళ్ళు, చేపలు, గట్టు మీద నవ్వుకుంటూ నిలబడ్డ పిల్లలు. చూసినోళ్ళు అచ్చం అట్లనే తవ్విస్తరు. మీరు కంచె చూపిస్తే కంచె కూడా కడతరు. తాడు చూపిస్తే తాడు కూడా వేస్తరు. తవ్వకానికి ఎంతయింది, షీట్‌కు ఎంతయింది అని చెప్తరు కదా, ఆ వరుసలోనే “కంచెకు ఇంత, తాళ్ళకు ఇంత” అని చెప్పండి. కంచె లేని ఫాంపాండ్‌ను సగం పనిగా చూపించండి.

జూలై 25 మన నాట్ల రోజుల్లోనే వస్తది. ఆ లోపు ఒక్కో రైతు తన పొలంలో నీళ్ళు నిలిచే చోట్లన్నీ నడిచి, నోట్‌బుక్‌లో ఒక పేజీ రాస్తే చాలు. ఎన్ని ఉన్నయి, ఎన్నింటికి మూత ఉంది, ఎన్నింటికి కంచె ఉంది. ఇరవై ఊర్ల పేజీలు ఒకచోట పెడితే అబ్‌స్ట్రాక్ట్‌లో ఖాళీలు నిండుతయి. అది సదస్సు దాక పోతే మంచిదే. పోకపోయినా, ఆ పేజీ రాసిన రైతు డ్రమ్ముకు మూత లేదని చూసినంక ఊరుకోడు.